మస్కీని వదలుటయా, మానుటయా?

ఉత్తర అమెరికా సరస్సులలో ఒక చేపను గూర్చి దశాబ్దములుగా సాగుచున్న వివాదము: వేటగాండ్ర వేడుక యొకవంక, తీరవాసుల భయమొకవంక, నడుమ శాస్త్రజ్ఞుల లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తరపు సరిహద్దున నున్న మిన్నెసోటాకు ‘పదివేల సరస్సుల సీమ’ యని ప్రసిద్ధి. పది ఎకరములకు మించిన వానిని మాత్రమే లెక్కించినను 11,842 సరస్సులు తేలినవి గనుక, ఆ బిరుదులో అతిశయోక్తి లేకపోగా కొంత వినయము కూడ ఉన్నదనవలెను. ఇన్ని నీళ్లు గల సీమలో నీటికై తగవు పుట్టుట అరుదు. కాని ఆ నీటిలో వదలు ఒక చేపను గూర్చి పుట్టిన తగవు ఏండ్లు గడచినను చల్లారలేదు. 2015 ప్రాంతమున రాష్ట్రపు ప్రకృతివనరుల శాఖ, ఆటర్ టెయిల్ కౌంటీలోను, బ్రెయినర్డ్ దగ్గరి గల్ సరస్సుల వరుసలోను, మరి కొన్ని చోట్లను కొత్తగా మస్కీ పిల్లలను వదలు ఆలోచనను బయటపెట్టగానే, వాదప్రతివాదములు ఊరి సభలను దాటి శాసనసభ దాక ప్రాకి, వదలుటను నిలుపుదల చేయవలెనను బిల్లులకు సైతము దారితీసెను.

ఈ తగవులో ఒకవంక నిలిచినవారు, ఏడాదికి ఒకటి రెండు చేపలు చిక్కినను జన్మ ధన్యమని తలచి వేసవి సెలవులన్నియు నీటిమీద గడపు గాలపు వేటగాండ్రు. రెండవవంక నిలిచినవారు, తాతల నాడు ఒడ్డున కట్టిన చెక్కయిండ్లలో విడిది చేసి, మనుమలకు చిన్నచేపలు పట్టుట నేర్పుచు, రాత్రి భోజనమునకు రెండు వాలై చేపలు దొరికిన చాలుననుకొను తీరవాసులు. ఉభయులును సరస్సును ప్రేమించువారే, ఉభయులును దానిని తమదిగా భావించువారే. ఈ తగవు తేలకుండుటకు అసలు కారణమదియే.

చేప స్వభావము

మస్కెలంజ్ అనునది దాని పూర్తి పేరు, వాడుకలో మస్కీ. పైక్ కుటుంబపు చేపలన్నింటిలో ఇది పెద్దది. గ్రేట్ లేక్స్, సెయింట్ లారెన్స్ నది, ఎగువ మిసిసిపీ, ఒహాయో నదుల పరీవాహములు దీని పుట్టినిల్లు. సోదరజాతియగు నార్తర్న్ పైక్‌కు ముదురు ఒంటిపై లేత మచ్చలుండగా, దీనికి లేత ఒంటిపై ముదురు చారలో మచ్చలో ఉండును. ఒకప్పుడు ఏ గుర్తులును లేక ఒళ్లంతయు ఒకే వన్నెగా నుండుటయు కలదు. అప్పుడు అనుమానము తీరవలెనన్నచో చేపను వెల్లకిల త్రిప్పి, క్రింది దవడపై వరుసగా నుండు సన్నని రంధ్రములను లెక్కింతురు. ఒక్కొక్క వైపున ఆరు గాని అంతకు మించి గాని ఉన్నచో మస్కీ, ఐదుకు మించనిచో పైక్.

నీటిమొక్కల చాటున కదలక మెదలక పొంచియుండి, ప్రక్కగా పోవు చేపపై ఒక్క పెట్టున దూకి, దానిని అడ్డముగా కరచిపట్టి, పిమ్మట తలవైపునుండి మ్రింగుట దీని పద్ధతి. బాతుపిల్లలను, నీటియెలుకలను పట్టిన సందర్భములును లేకపోలేదు గాని దీని నిత్యాహారము చేపలే. ఆడుచేపలు మగవానికంటె పెద్దవై, ముప్పది యేండ్ల వరకు బ్రతుకగలవు. నలుబది అంగుళముల పొడవు సాగుటకే ఎనిమిది పది సంవత్సరములు పట్టును. వసంతమున మంచు కరగిన కొన్ని వారములకు లోతులేని వంకలలో గూడు కట్టక, కావలి యుండక, గ్రుడ్లను చెదరగొట్టి తన దారిని తాను పోవును. అంతకు ముందే పుట్టి కొంత యెదిగిన పైక్ పిల్లలు అప్పుడే పుట్టిన మస్కీ పిల్లలను భక్షించును. ఈ కారణములచేత ప్రకృతి సిద్ధముగా మస్కీ ఎచ్చటను గుంపులుగా నుండదు. మూడు నాలుగు ఎకరముల నీటికి ఒక పెద్దచేప యున్నచో ఆ సరస్సు మంచిదని పేరు తెచ్చుకొనును. ఈ అరుదుతనమే దానికి విలువను, దాని పక్షము వహించిన వారికి వాదబలమును ఇచ్చినది.

వేట వేడుకగా మారిన తీరు

‘పదివేల విసరుల చేప’ యని వేటగాండ్రు దీనికి పెట్టిన ముద్దుపేరు. గాలమును అన్ని మారులు విసరినగాని ఒక్కటి చిక్కదని దాని భావము. విసరిన కృత్రిమపు ఎరను రీలుతో త్రిప్పుకొనుచు పడవ దాక లాగినంతమాత్రమున పని ముగియదు. ఎర వెనుకనే నీడవలె వచ్చి, పడవ ప్రక్కన ఆగి, చూచి, పెదవి విరచినట్లు వెనుదిరిగిపోవుట మస్కీకి అలవాటు. అందుచేత వేటగాడు ప్రతి విసరు చివరను గాలపు కర్ర మొనను నీటిలో ముంచి, ఎరను ఎనిమిది అంకె ఆకృతిలో వెడల్పుగా త్రిప్పును; ఆ మలుపులో ఎర తప్పించుకొని పోవుచున్నదను భ్రమ కలిగి, కాళ్లదగ్గరనే నీరు పగిలి చేప దూకుటయు కలదు. కనబడినను కనబడకున్నను, చేతులు పడిపోవుచున్నను, ప్రతి విసరునకును ఆ అంకె వ్రాయవలసినదే. దీనిని తపస్సు అన్నను, పిచ్చి యన్నను వారు కోపింపరు.

ఒకప్పుడు ఈ వేటలో మోటుతనము మెండుగా నుండెడిది. పడవ ప్రక్కకు లాగిన చేపను పిస్తోలుతో కాల్చి లోనికి తీయుట విస్కాన్సిన్‌లో గత శతాబ్ది మధ్యకాలము వరకు ఆచారమే. 1949వ సంవత్సరము ఆ యుగమునకు పతాకము: ఆ ఏడు లాక్ కూర్ట్ ఓరెయ్ సరస్సులో కాల్ జాన్సన్ 67 పౌనుల 8 ఔన్సుల మస్కీని, చిప్పెవా జలాశయములో లూయీ స్ప్రే 69 పౌనుల 11 ఔన్సుల దానిని పట్టితిమనిరి, వీనిలో ఏది నిజమైన ప్రపంచ రికార్డు అను వ్యాజ్యము నేటికిని అభిమానుల నడుమ నడచుచునే యున్నది. ఆ ప్రాంతపు హేవర్డ్ పట్టణములో మంచినీటి చేపలవేట కీర్తిశాల ముంగిట, నూట నలుబది అడుగులకు మించిన పొడవుతో ఒక మస్కీ విగ్రహమును నిలిపి, దాని నోటిలో యాత్రికులు నిలుచుండి ఊరిని చూచుటకు వేదిక కట్టిరి. 1955లోనే విస్కాన్సిన్ దీనిని రాష్ట్ర మత్స్యముగా వరించెను.

1966లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరమున గిల్ హామ్ అనునాయన మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్ అను సంఘమును స్థాపించుటతో గాలి మారినది. పట్టిన చేపను కొలిచి, ఛాయాచిత్రము తీసికొని, ప్రాణముతో తిరిగి వదలుటయే పెద్దరికమని ఆ సంఘము బోధించెను. చూడగా చూడగా మస్కీని ఇంటికి తెచ్చి వండుట వేటగాండ్రలో చిన్నతనమైపోయెను. నేడు మిన్నెసోటాలో 54 అంగుళములకు, అనగా నాలుగున్నర అడుగులకు, తక్కువయైన మస్కీని ఉంచుకొనుట సాధారణముగా చట్టవిరుద్ధము. ఈ నియమమునకు ఫలితము కనబడినది. ఆ రాష్ట్రపు బరువు రికార్డు 1957 నుండి విన్నిబిగోషిష్ అను సహజ మస్కీ సరస్సులో దొరికిన 54 పౌనుల చేపది; 2021 నవంబరులో దానిని త్రోసిరాజన్న 55 పౌనులకు పైబడిన చేప దొరికినది మిల్ లాక్స్ సరస్సులో. అది 1980 దశకము నుండి ప్రభుత్వము పిల్లలను వదలి పెంచిన సరస్సు. పెంపకమునకు అనుకూలురు ఇంతకంటె మించిన నిదర్శనమేమి కావలెనని అడుగుటలో వింత లేదు.

జాడీలోని గ్రుడ్డు, సరస్సులోని రాచచేప

ఈ రాచరికము వెనుక నున్న శ్రమ చిన్నది కాదు. వసంతమున బీజసరస్సులలో వలలు పన్ని, పండిన ఆడుచేపను ఇద్దరు పట్టుకొని, పొట్టను మృదువుగా నిమిరి గ్రుడ్లను గిన్నెలోనికి రాల్చి, మగచేపల బీజముతో కలిపి, నీరు నిరంతరముగా క్రిందినుండి పైకి పారు గాజుజాడీలలో ఉంచుదురు. సుమారు రెండు వారములలో పిల్లలు బయటపడును. మొదట కంటికానని నీటిజీవులతోను, కొంచెము యెదుగగానే సజీవములైన చిన్నచేపలతోను వానిని మేపవలెను. మేత ఒక్క పూట తగ్గినచో అన్న తమ్ముని మ్రింగును. చెరువులలో వేసవి యంతయు మేసి, ఆకురాలు కాలమునకు జానెడు దాటిన పిల్లలను సరస్సులకు చేర్చుదురు. ఇట్టి పిల్ల యొక్కటి సరస్సును చేరుసరికి, అదే శాలలో వేలసంఖ్యలో పొదిగి నలుసులుగా వదలు వాలై పిల్లలకంటె ఎన్నో రెట్లు ప్రియమగుననుట ఊహింప కష్టము కాదు.

ఈ వ్యయము ఎవరిది? లైసెన్సు రుసుములది, గాలపు సామగ్రిపై 1950 నాటి సమాఖ్య చట్టము విధించిన పన్నులో రాష్ట్రమునకు వచ్చు వాటాది. అనగా జీవితములో మస్కీని పట్టుదమని తలచని సామాన్య వేటగాని సొమ్మును ఇందులో కలదు. మస్కీ వేటగాడు దూరమునుండి వచ్చును, బస చేయును, ఖరీదైన కర్రలు, అరచేతికి మించిన ఎరలు కొనును, మార్గదర్శికి కూలి యిచ్చును; పర్యాటకులు ఇండ్లకు మరలిన శరత్కాలములో సైతము అతడు వచ్చును గనుక ఒడ్డునున్న విడిదిండ్లకు అది గిట్టుబాటే. కాని ఆ లాభము చేరునది ఒకరికి, ఖర్చు పడునది వేరొకరికి అని ప్రతిపక్షులు ఎత్తిచూపుదురు.

ప్రతిపక్షుల మాట

వారి మొదటి అభియోగము వాలైని గూర్చినది. 1965 నుండి మిన్నెసోటాకు రాష్ట్ర మత్స్యమైన వాలై, ఆ సీమలో కేవలము చేప కాదు. శుక్రవారపు విందు, పెండ్లివారి పళ్లెము, వేసవి జ్ఞాపకము. అట్టి దానిని నాలుగడుగుల రాకాసి మ్రింగి సరస్సును వట్టిపోగొట్టునని వారి భయము.

రెండవ అభియోగము శీతకాలపు ఈటెకాండ్రది. సరస్సు గడ్డకట్టిన పిమ్మట మంచుపై చిన్న చీకటిగుడిసె నిలిపి, లోపల వెలుతురు చొరకుండ మూసి, మంచులో బల్లంత రంధ్రము కోసి, కొయ్యతో చెక్కిన మాయచేపను దారమున నాట్యమాడించుచు, క్రింద ఆకుపచ్చగా వెలుగు నీటిలోనికి పైక్ వచ్చు నిమిషమునకై గంటల కొలది ఈటెతో కనిపెట్టుకొని యుండుట అచ్చటి పురాతనపు వేట. గాలమున పడిన చేపను చూచి విడువవచ్చును. ఈటె దిగిన చేపను విడువ వీలు లేదు. పైనుండి చూచువానికి దవడలోని రంధ్రములు కనబడవు గదా. అందుచేత పూర్వము కొన్ని మస్కీ సరస్సులలో ఈటెవేటను నిషేధించిరి. కొత్త సరస్సులో మస్కీ అడుగుపెట్టినచో తమ గుడిసె అచ్చటనుండి లేచిపోవుననునది వారి అనుభవమునుండి పుట్టిన అనుమానమే గాని అపోహ కాదు.

మూడవది తీరవాసుల మాట: పెద్ద పడవలు పెరుగును, ప్రశాంతత పోవును, ఈదు పిల్లలను చేప కరచును అని. కరచుట బహు అరుదు గనుక ఆ భయమును ప్రక్కన పెట్టవచ్చును. తక్కిన దానిని ప్రక్కన పెట్టరాదు. అయితే ఒడ్డు ఎవరిదైనను నీరు ప్రజలదను న్యాయము ఆ రాష్ట్రమున సుస్థిరమైనది. ఇంటి ముందు సరస్సుండుట వేరు, సరస్సు ఇంటిదగుట వేరు.

పొట్ట విప్పి చూచినవారి సాక్ష్యము

చేప ఏమి తినుచున్నదో తెలిసికొనుటకు వాదము కంటె పొట్ట నమ్మదగినది. ఉత్తర విస్కాన్సిన్‌లోని 34 జలాశయములనుండి 1,092 మస్కీల కడుపులను పరిశీలించి 1999లో ప్రకటించిన అధ్యయనములో, వాని ముఖ్యాహారము పసుపు పెర్చ్ చేపలును, సక్కర్ అను అడుగునీటి చేపలును అని తేలెను. వాలై పాలు స్వల్పము. 2012లో మిన్నెసోటా శాస్త్రజ్ఞులు మస్కీని వదలిన 41 సరస్సులలో, వదలుటకు ముందును వెనుకను వలలలో పడిన చేపల లెక్కలను సరిపోల్చి చూచిరి. అన్నింటిని కలిపి చూచినప్పుడు ఏ జాతియు చెప్పుకోదగినట్లు క్షీణించిన జాడ కానరాలేదు. విడివిడిగా చూచినప్పుడు ఒక సరస్సులో ఒకటి తగ్గుట, మరియొకదానిలో అదియే పెరుగుట వంటి హెచ్చుతగ్గులు లేకపోలేదు.

అయినను మిల్ లాక్స్‌లో వాలై తగ్గినది గదా యందురు. తగ్గినమాట సత్యమే, 2015 ఆగస్టులో అచ్చట వాలై వేటను అర్ధాంతరముగా మూసివేయవలసి వచ్చెను. కాని 1,32,000 ఎకరముల ఆ మహాసరస్సులో అంతకు ముందే నీరు తేటపడ నారంభించెను. 2005లో జీబ్రా ఆల్చిప్ప, 2009లో ముండ్లనీటిపురుగు బయటపడి, చేపపిల్లల మేతకు మొదటి మెట్టునే తినివేయసాగెను. పెద్ద దొంగను పట్టుకొనుట కష్టమైనప్పుడు పెద్ద నోరు గలవానిని పట్టుకొనుట లోకసహజము. ఇంతవరకు చూచినచో తీర్పు మస్కీ పక్షమే. కాని ఈ సాక్ష్యమునకు ఒక మేర యున్నది: అది పలుచగా వదలిన సరస్సులను గూర్చినది, మేత సమృద్ధిగా నున్న నీళ్లను గూర్చినది, మస్కీకి ఇరుగుపొరుగైన జాతులను గూర్చినది. ఆ మేర దాటిన చోట కథ మారును.

మేర దాటిన రెండు కథలు

మొదటిది షూపాక్ కథ. మిన్నెసోటాలో చాలకాలము పెంపకమునకు బీజముగా వాడినది, నేటి వాయేజర్స్ జాతీయవనములోని షూపాక్ అను చిన్న సరస్సు మస్కీ. అచ్చట గ్రుడ్లు సులువుగా దొరకెడివి. కాని ఆ వంశము స్వభావముచేతనే పొట్టిది. రాష్ట్రమంతట దానిని వదలిన పిదప గాని, ఎన్నేండ్లు గడచినను చేపలు పెరుగవేమను ప్రశ్న పుట్టలేదు. 1980 దశకమున శాఖవారు లీచ్ సరస్సు వంశమునకు మారిరి, చేపలు పెరిగినవి. కాని కొన్ని సరస్సులలో షూపాక్ రక్తము తరతరములుగా నిలిచియున్నట్లు జన్యుపరీక్షలలో తేలెను. అధికారి ఉత్తరువును రద్దు చేయవచ్చును. వదలిన వంశమును రద్దు చేయజాలడు.

రెండవది సెయింట్ జాన్ నది కథ. 1970 ప్రాంతమున కెనడాలోని క్విబెక్ ప్రభుత్వము, మెయిన్ రాష్ట్రపు సరిహద్దున నున్న లాక్ ఫ్రాంతియేర్ అను సరస్సులో వేట వేడుకకై మస్కీలను వదలెను. సరస్సునకు నదిలోనికి దారి యుండెను. ఆ దారి పట్టిన మస్కీ నదివెంట దిగి, మెయిన్ ఉత్తరభాగపు నీళ్లను దాటి, న్యూ బ్రన్స్‌విక్‌లోని ఫ్రెడరిక్టన్ దాక వ్యాపించినది. అది మస్కీ పుట్టినిల్లు కాదు. బ్రూక్ ట్రౌట్, సాల్మన్ చేపలు ఇంతటి మాంసాహారిని ఎరుగక పెరిగిన నీళ్లు. మాక్టక్వాక్ ఆనకట్ట దగ్గర సాల్మన్లను పైకి చేర్చు ఎత్తుడుయంత్రములో మస్కీ చిక్కినచో ఏరి తొలగింపవలసి వచ్చెను. ఇంతలో మరియొక వింత జరిగినది. అదే నదిపై మస్కీ అభిమానులు పుట్టిరి. ఫోర్ట్ కెంట్ పట్టణములో మస్కీ వేట పోటీలే వెలసినవి. జీవశాస్త్రజ్ఞుడు చొరబాటుదారు అని పిలిచిన దానిని అంగడివాడు అతిథి యని పిలుచుచున్నాడు. ఒక తరము గడచినచో రాకాసికి సైతము ఊరిలో ఓటర్లుందురు. అప్పుడు దానిని వెళ్లగొట్టుట ప్రకృతిచేతనే కాదు, రాజకీయముచేతను అసాధ్యమగును.

మన చెరువుల మాట

ఈ చర్చ మనకు కేవలము దూరదేశపు వినోదము కాదు. తెలంగాణలో 2016–17 నుండి ప్రభుత్వమే చెరువులలో చేపపిల్లలను ఉచితముగా వదలుచున్నది. మనవారు వదలునది వేడుకకు కాదు, జీవనోపాధికి. బొచ్చె, శీలావతి వంటి సాధుచేపలను. చెరువులో కొరమీనో వాలుగో మిగిలియున్నచో వదలిన పిల్లలలో దానికెంత, తమకెంత అని మత్స్యకారుడు ముందే లెక్కవేసికొనును గనుక మాంసాహారి చేప ధర మనవారికి క్రొత్తగా బోధింపనక్కరలేదు. కాని 1952లో దేశమునకు తెచ్చిన తిలాపియా నేడు చెరువు చెరువునను తానై కూర్చున్నది. నిషేధించినను ఆఫ్రికా క్యాట్‌ఫిష్ దొంగచాటుగా పెరిగి, వరద వచ్చినప్పుడెల్ల గట్టు దాటి వాగులలోను నదులలోను చేరుచున్నది. వీనిని తెచ్చినవారికి తెచ్చు దారి తెలిసినది గాని, మరల పంపు దారి తెలియలేదు.

లెక్క వేయవలసిన తీరు

కనుక మస్కీ మంచిదా చెడ్డదా యను ప్రశ్న ప్రశ్నయే కాదు. వాలైని తినునా తినదా యను ప్రశ్నయు సగమే. అసలు అడుగవలసినది: వదలిన పిమ్మట, పొరపాటని తోచినచో, ఆపగలమా? మిన్నెసోటాలోని పెక్కు పెంపుడు సరస్సులలో మస్కీ స్వయముగా వంశమును నిలుపుకొనజాలదు. గ్రుడ్లు చాల భాగము బురదలో నశించును, మిగిలిన పిల్లలను పైక్ తినును. అట్టి చోట పిల్లలను తెచ్చి పోయుట మానినచో, ఉన్నవి ముసలివై, ముప్పదేండ్లలో సరస్సు తన పూర్వస్థితికి చేరువగును. వేటగాడు లోపముగా భావించు ఈ వంధ్యత్వమే సమాజమునకు రక్షరేకు. దీనిని గుర్తించియే ఇడాహో మొదలగు పడమటి రాష్ట్రములు మస్కీకిని పైక్‌కును పుట్టిన, సంతానము లేని ‘టైగర్ మస్కీ’ని ఎంచుకొనుచున్నవి, పర్వతసరస్సులలో మితిమీరిన బ్రూక్ ట్రౌట్‌ను తగ్గించుటకు దానిని వదలినను, పని ముగిసిన పిమ్మట అది తనంతట తాను అంతరించును.

ఈ కొలత చేతబట్టినచో తగవులో సగము తీరును. నదితో లంకె లేక, పుట్టుటకు చోటు తక్కువై, పెర్చ్, సక్కర్ మేత పుష్కలమై, మస్కీ సహజసీమకు లోపలనో అంచుననో ఉన్న సరస్సున వదలుటకు అభ్యంతరము చెప్పువాడు ప్రకృతి పేరు పలుకక, తన శాంతి పేరు, తన ఈటె పేరు చెప్పి వాదించుట మేలు; అవియు గౌరవింపదగిన కారణములే గనుక వానికి శాసనసభలోను సభాభవనములోను చోటున్నది. ఈటెవేటకు అడ్డు రాదని ముందుగానే వ్రాతపూర్వకముగా హామీ ఇచ్చినచో శాఖవారికి సగము శత్రువులు తగ్గుదురు. ఇక సాల్మన్, ట్రౌట్ వంటి చేపలు కాపురమున్న నీటికి దారి గల సరస్సున మాత్రము ఎంతటి పర్యాటక లాభమును చూపినను వదలరాదు. ఆ లాభము ఏటేటా లెక్కకు వచ్చును గాని ఆ నష్టమునకు కడపటి ఏడు లేదు.

వదలుటకు ముందు దస్త్రములో మూడు పంక్తులుండవలెను: ఈ చేప ఇచ్చట పిల్లలు పెట్టునా, ఇచ్చటినుండి ఎచ్చటికి పోగలదు, మానదలచిననాడు ఎన్నేండ్లకు మానగలము. ఈ మూడింటికి జవాబు వ్రాయలేని శాఖ పెంపకశాల జాడీలలోని గ్రుడ్లను ఆ ఏటికి మరియొక సరస్సునకు పంపుట మంచిది. వ్రాయగలిగినచో, పదివేల విసరులు విసరు ఓపిక గలవానికి ఆ వేడుకను కాదనుటకు మనకు కారణము కనబడదు.